హైస్కూలు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ వార్తలు రాసేవారికి ఒక ప్రశ్న: ఆ 12వ నంబరు జెర్సీ ఎవరిది?

స్కోరు పుస్తకం (ఒహాయో), ఏప్రిల్ 18, శుక్రవారం

మిత్రులకు నమస్కారం. ఈ వేదికలో క్రికెట్ గురించి రాసేవారు చాలామందే ఉన్నారు గానీ, అమెరికాలో హైస్కూలు పిల్లలు ఆడే బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆటలకు వార్తలు రాసే తెలుగువారు నేను కాక మరొకరైనా ఉన్నారో లేదో తెలియదు. ఉంటే నా గోడు వారికి వెంటనే అర్థమవుతుందన్న ఆశతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పగలు నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉంటాను. సాయంత్రాలు మా ఊళ్లో వారానికి రెండుసార్లు వెలువడే చిన్న పత్రికకు, ఆటకింత అని ఇచ్చే పారితోషికం మీద, స్కూలు ఆటల వార్తలు రాస్తాను. ఆరేళ్ల క్రితం మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతున్నప్పుడు, ఎలాగూ ప్రతి ఆటకూ వస్తున్నారు కదా, నాలుగు వాక్యాలు రాసి పంపండి అని సంపాదకురాలు అడిగారు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది, నేను మాత్రం ఆ ఇనుప కంచె వెనకే ఉండిపోయాను.

మొన్న మంగళవారం జరిగినది చెబుతాను. సాయంత్రం ఐదు గంటలకు సాఫ్ట్‌బాల్ ఆట. మా దగ్గర ఈ ఆటల కాలం మార్చి చివర, ఇంకా మంచు పూర్తిగా కరగకముందే మొదలవుతుంది కాబట్టి, ఏప్రిల్ మధ్యకు వచ్చినా వేళ్లు కొంకర్లు పోయే చలి ఉంటుంది; పెన్ను మొరాయిస్తుందని పెన్సిలే వాడతాను. పక్కనున్న బేస్‌బాల్ మైదానానికి మైకు ఉంది, ఆటగాళ్ల పేర్లు ప్రకటించే మనిషి ఉన్నాడు, కూర్చోవడానికి చిన్న గది ఉంది. సాఫ్ట్‌బాల్ మైదానానికి వీటిలో ఏదీ లేదు. స్కోరుబోర్డులో సగం దీపాలు వెలగవు.

ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటై, మరో ఇద్దరు బేస్‌ల (పరుగు దారిలోని మజిలీల) మీద ఉండగా, 12వ నంబరు జెర్సీ వేసుకున్న అమ్మాయి ఇద్దరు ఫీల్డర్ల సందులోంచి బంతిని కంచె దాకా కొట్టి రెండో బేస్ చేరింది. రెండు రన్లు వచ్చాయి. ఆ జట్టు 4-3తో గెలిచింది. బ్యాటింగు వరుసలో ఆ స్థానం నిజానికి 27వ నంబరుది. అయితే ప్రకటన లేకుండా ఆటగాళ్లను మార్చడం ఈ స్థాయిలో మామూలే కనుక, ఆమె బదులు 12ను దించారని అనుకుని పుస్తకంలో అలాగే రాసుకున్నాను. కోచ్ పంపిన జాబితాలో 12వ నంబరు ఒక సీనియర్ (చివరి ఏడాది) అమ్మాయిది. గురువారం పత్రికలో ఆ సీనియర్ పేరు శీర్షికకెక్కింది.

ఈ ఉదయం ఒక తల్లి నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగో ఇన్నింగ్స్‌లో 27వ నంబరు అమ్మాయి బేస్‌లోకి జారినప్పుడు మోచేయి గీరుకుని జెర్సీకి రక్తం అంటింది. రక్తపు మరక ఉన్న దుస్తులతో ఆడనివ్వరు కాబట్టి, మణికట్టు బెణికి ఆ రోజు ఆడకుండా కూర్చున్న సీనియర్ తన జెర్సీ విప్పి ఇచ్చింది. కోచ్ ఆ సంగతి అంపైరుకు చెప్పాడు. ఆ క్షణంలో నేను తల వంచుకుని, అంతకుముందు పడిన రన్ ఎవరి ఖాతాలో వేయాలా అని తంటాలు పడుతున్నాను. పదో తరగతి చదివే ఆ 27వ నంబరు అమ్మాయికి ప్రధాన జట్టులో అదే మొదటి హిట్ అట. వాళ్ల అమ్మమ్మ పత్రిక ఐదు ప్రతులు కొనిపెట్టిందట.

సవరణ వేస్తాం, అది వేరే సంగతి. ఇలాంటివి జరగకుండా మీరెవరైనా ఏం చేస్తారో తెలుసుకోవాలని ఉంది.


రాత్రి డెస్కు (న్యూజెర్సీ), ఏప్రిల్ 18

స్కోరు పుస్తకం గారూ, మీ ఉత్తరం చదువుతుంటే నాకు పాత చలిజ్వరం తిరగబెట్టినట్టయింది. నేను మైదానానికి వెళ్లేవాణ్ణి కాదు. ఒక దినపత్రిక క్రీడా విభాగంలో పదకొండేళ్లు రాత్రి డెస్కు మీద కూర్చుని, ఫోనులో కోచ్‌లు చెప్పే స్కోర్లను రాసుకునేవాణ్ణి. వసంతకాలం వచ్చిందంటే ఒక్క సాయంత్రంలో నలభై, యాభై ఆటలు. గెలిచిన కోచ్ ఏడున్నరకే ఫోను చేసి, అడగని సంగతులు కూడా చెప్పేవాడు. ఓడిన కోచ్ ఫోను ఎత్తేవాడు కాదు. దాంతో మా పత్రికలో గెలిచిన జట్టుకు తొమ్మిది మంది పేర్లు, ఓడిన జట్టుకు పిచర్ (బంతి వేసేవాడి) ఇంటిపేరు మాత్రం మిగిలేవి. ఓడిన పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని పక్షపాతులనేవారు. వారిని తప్పు పట్టలేం, పేజీ చూస్తే అలాగే కనిపించేది.

డెస్కులో కొత్తగా చేరినవారికి మొదట నేర్పేది బాక్స్ స్కోరును, అంటే ఆట అంకెల పట్టికను, సరిచూడటం. ఒక జట్టు మొత్తం బ్యాటింగు అవకాశాలు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్ పొందినవి), బంతి తగిలి బేస్ పొందినవి, తోటివారిని ముందుకు పంపడానికి తాము అవుటైన త్యాగపు షాట్లు అన్నీ కూడితే వచ్చే సంఖ్య, ఆ జట్టు చేసిన రన్లు, బేస్‌ల మీద మిగిలిపోయినవారు, ఎదుటి జట్టు తీసిన అవుట్లు కూడితే వచ్చే సంఖ్యతో సమానం కావాలి. బ్యాటు పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ చివరికి రన్ అయినా చేయాలి, బేస్ మీదైనా మిగలాలి, అవుటైనా కావాలి కదా. ఈ లెక్క తేలకపోతే ఫోను చేసిన కోచ్‌నే మళ్లీ పట్టుకునేవాళ్లం. అయితే మీ ఆటలో ఈ లెక్క కచ్చితంగా తేలి ఉంటుంది. కూడికకు అంకెలే కనిపిస్తాయి, జెర్సీ లోపలి మనిషి కనిపించదు.

ఇక గడువు సంగతి. మా సొంత ముద్రణాలయం మూసేసి, అచ్చు పనిని గంటన్నర దూరంలోని మరో ఊరికి తరలించాక, పేజీలు పంపాల్సిన వేళ ముందుకు జరుగుతూ వచ్చింది. ఏడు గంటలకు మొదలైన ఆట మరుసటి ఉదయం పత్రికలో రావడం ఆగిపోయింది. బాస్కెట్‌బాల్ ఎప్పుడు ముగుస్తుందో ముందే అంచనా వేయగలం. బేస్‌బాల్‌కు గడియారమే లేదు. హైస్కూల్లో ఏడు ఇన్నింగ్సే అయినా, రెండు జట్లూ సమానంగా ఉంటే పదకొండో ఇన్నింగ్స్‌కు కూడా పోవచ్చు. మా విలేకరి ఒకాయన ఆటకు ముందే రెండు రకాల ప్రారంభ వాక్యాలు రాసి పెట్టుకునేవాడు, ఒకటి గెలుపుకి, ఒకటి ఓటమికి. ఒక రాత్రి ఉరుములొచ్చాయి. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు ఆగాలన్నది నియమం. ఇరవై ఎనిమిదో నిమిషంలో మళ్లీ ఉరిమేది, గడియారం మళ్లీ మొదటికి వచ్చేది. మూడుసార్లు అలా అయ్యాక ఆయన ఆ రెండు వాక్యాలనూ చెరిపేసి, వాన గురించి రాసి పంపాడు.


పెవిలియన్ చివర (హైదరాబాద్), ఏప్రిల్ 19

నేను లీగ్ క్రికెట్‌కు కొన్నాళ్లు స్కోరరుగా పనిచేశాను, బేస్‌బాల్ మాత్రం అంతగా తెలియదు. అందుకే ఒక సందేహం. క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ నియమావళిలో మూడో నియమమే స్కోరర్ల గురించి. ఇద్దరు ఉండాలి, తరచూ ఒకరి లెక్కతో ఒకరు సరిచూసుకోవాలి, అంపైరు సైగ చేస్తే అందిందని బదులు సైగ చేయాలి. మా పక్కన ఎదుటి జట్టు మనిషి కూర్చుని ఉంటాడు కాబట్టి ఓవరు పూర్తి కాగానే తప్పు బయటపడుతుంది. అక్కడ అలాంటి ఏర్పాటు లేదా?

ఇంకొక మాట. మీరు పూరించే ఆ బాక్స్ స్కోరుకు రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులో పుట్టి, న్యూయార్కులో క్రికెట్ వార్తలు రాస్తూ, 1850లలో బేస్‌బాల్ వైపు మళ్లాడు. ఆ పట్టికలో క్రికెట్ స్కోరుకార్డు వాసన ఉండటానికి అదే కారణం. స్ట్రయికవుట్‌కు (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటరు అవుటవడానికి) కె అనే అక్షరం వాడటం కూడా ఆయన పెట్టిన అలవాటే. అన్నీ మా దగ్గర నుంచి తీసుకెళ్లి రెండో స్కోరరును మాత్రం ఇక్కడే వదిలేశారా అని నవ్వుకున్నాను.


స్కోరు పుస్తకం (ఒహాయో), ఏప్రిల్ 19

పెవిలియన్ చివర గారూ, ఏర్పాటు లేకపోలేదు. సొంత మైదానం జట్టు పుస్తకమే అధికారిక పుస్తకం అని నియమం. ఆ పుస్తకం రాసేది సాధారణంగా జట్టు మేనేజరుగా ఉండే ఒక విద్యార్థి, లేదా సహాయ కోచ్, లేదా ఆ రోజు దొరికిన ఎవరో ఒక తండ్రి. వారు డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) లోపల ఉంటారు, నేను బయట ఉంటాను. ఎదుటి జట్టుకు తన పుస్తకం వేరు. ఆట అయ్యాక ఇద్దరినీ అడిగితే ఒక్కోసారి మూడు లెక్కలు వస్తాయి, నాదానితో కలిపి.

మీకు క్రికెట్ తెలుసు కాబట్టి ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెబుతాను. క్రికెట్‌లో ఫీల్డరు బంతి జారవిడిచినా బ్యాటరుకు రన్ రన్నే. ఇక్కడ ప్రతి బంతికీ తీర్పు చెప్పాలి: బ్యాటరు తన ప్రతిభతో బేస్ చేరాడా, అయితే హిట్, ఫీల్డరు మామూలు ప్రయత్నంతో చేయగలిగింది చేయకపోవడం వల్ల చేరాడా, అయితే ఎర్రర్. ఆ తీర్పు మీదే బ్యాటరు సగటు, పిచర్ ఖాతాలో పడే రన్లు ఆధారపడి ఉంటాయి. పెద్ద లీగుల్లో దీనికి జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెడతారు. మా దగ్గర పదహారేళ్ల షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డరుకు) మామూలు ప్రయత్నం అంటే ఎంత? సాఫ్ట్‌బాల్‌లో ఇది మరీ కష్టం. బేస్‌బాల్‌లో బేస్‌ల మధ్య 90 అడుగులు, పిచర్ నుంచి బ్యాటరు దగ్గరి ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య 60 అడుగులే, పిచింగు దూరం 43 అడుగులే. ఎడమచేతి వాటం అమ్మాయి పరుగు అందుకుంటూనే బంతిని తట్టి పారిపోతుంటే, ఫీల్డరు చేతిలో బంతి ఒక్కసారి తొణికినా ఆమె బేస్ మీద ఉంటుంది. తొణకకపోయినా ఉండేదేమో. నేను పెన్సిలు పట్టుకుని ఆకాశంలోకి చూస్తాను.

ఆటగాళ్ల మార్పుల సంగతి మీకు వింతగా తోచవచ్చు. ఇక్కడ హైస్కూలు నియమాల ప్రకారం మొదట ఆటలో దిగినవారు ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ తిరిగి రావచ్చు. పిచర్, క్యాచర్ (బ్యాటరు వెనక బంతి పట్టేవారు) బేస్ చేరితే వారి బదులు పరుగెత్తడానికి మరొకరిని పంపవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో ఒక అమ్మాయి మరొక అమ్మాయి బదులు బ్యాటింగు చేసే పద్ధతి ఉంది కాబట్టి జాబితాలో పదో పేరు కూడా చేరుతుంది. కోచ్ నడుచుకుంటూ వెళ్లి అంపైరు చెవిలో చెబుతాడు, అంపైరు తన చీటీ మీద రాసుకుంటాడు, ఆట సాగుతుంది. బ్లీచర్ల (ప్రేక్షకుల మెట్ల బెంచీల) మీద ఉన్న మాకు కనిపించేది ఒక మూకాభినయం. మంగళవారం నేను 12ను బదులు మనిషి అనుకోవడానికి ఈ అలవాటే కారణం. పట్టించుకోకపోవడం నా తప్పే.

బేస్‌బాల్‌లో మరో తద్దినం ఉంది. పిల్లల భుజాలు పాడవకుండా 2017 నుంచి ప్రతి రాష్ట్రమూ పిచర్ ఎన్ని బంతులు వేయవచ్చో పరిమితి పెట్టాలని వచ్చింది. మా ఒహాయోలో రోజుకు 125. మంచి నియమమే. అయితే రెండు జట్ల లెక్కలు కలవనప్పుడు ఇద్దరు కోచ్‌లూ తిరిగి చూసేది కంచె అవతల పుస్తకం పట్టుకుని కూర్చున్న నా వైపే. నాది మూడో లెక్క అవుతుంది తప్ప తీర్పు కాదని ఎన్నిసార్లు చెప్పానో!


లెక్క సూటి (సియాటిల్), ఏప్రిల్ 19

అందరికీ గౌరవంతో ఒక మాట. ఇంత అవస్థ ఎందుకు? మా అబ్బాయి జట్టులో ఒక తల్లి ఫోనులో గేమ్‌ఛేంజర్ యాప్ తెరిచి బంతి బంతికీ నమోదు చేస్తుంది. ఊళ్లో లేని తాతగారు కూడా ప్రత్యక్షంగా చూసుకుంటారు, ఆట ముగిసిన నిమిషంలో బాక్స్ స్కోరు సిద్ధం, కావాలంటే నాలుగు పేరాల వార్త కూడా యంత్రమే రాసిపెడుతుంది. గురువారం వచ్చే పత్రిక కోసం మంగళవారం చలిలో కూర్చోవడం మీ అభిరుచి అయితే సరే, అవసరం అంటే మాత్రం ఒప్పుకోలేను.


రాత్రి డెస్కు (న్యూజెర్సీ), ఏప్రిల్ 20

లెక్క సూటి గారూ, యాప్‌ను నేను తీసిపారేయను. మా డెస్కులో చివరి రెండేళ్లు దాని మీదే సగం బతికాం. అయితే అందులో నమోదు చేసేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. తన కొడుకు కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ కాళ్ల సందులోంచి పోతే ఏ తల్లి వేలు ఎర్రర్ మీద పడుతుంది? ఎదుటి జట్టు యాప్‌లో అదే బంతి ఎర్రర్‌గా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల పిచర్ తండ్రి అక్కడ కూర్చుని ఉన్నాడు. ఒకే ఆటకు ఒక యాప్‌లో తొమ్మిది హిట్లు, రెండో దానిలో ఐదు హిట్లు చూశాను. ఏది వేయాలో తేల్చే మనిషి మళ్లీ కావాలి కదా.

యంత్రం రాసే వార్తల గురించి అన్నారు కాబట్టి, స్కోరు పుస్తకం గారి రాష్ట్రంలోనే జరిగినది గుర్తు చేస్తాను. 2023 ఆగస్టులో గానెట్ సంస్థ తన పత్రికల్లో లీడ్‌ఏఐ అనే సాధనంతో హైస్కూలు ఆటల వార్తలు రాయించింది. వాటిలో కొలంబస్ డిస్పాచ్ వెబ్‌సైటులో వచ్చినవి దేశమంతా నవ్వులపాలయ్యాయి. ఒక సాకర్ వార్తలో గెలిచిన జట్టు ముద్దుపేరు ఉండాల్సిన చోట, ఇక్కడ గెలిచిన జట్టు ముద్దుపేరు వేయాలి అని యంత్రానికి చెప్పే గుర్తే అలాగే వెలువడింది. మరో వార్తలో ఆటను క్రీడారంగపు సమీప సమాగమం అన్న ధోరణిలో వర్ణించారు. వాటిలో ఆటగాళ్ల పేర్లు లేవు, ఎలా గెలిచారో లేదు, స్కోరును నాలుగు రకాలుగా తిప్పి చెప్పడం తప్ప. గోల కావడంతో నెల తిరగకుండానే ఆపేశారు.

నాకు అందులో నవ్వు వచ్చింది గానీ, కోపం యంత్రం మీద రాలేదు. మా డెస్కులోనూ రాత్రి పదకొండింటికి, స్కోరు తప్ప మరేదీ తెలియని ఆటకు నాలుగు వాక్యాలు అల్లిన రోజులున్నాయి. ఎవరూ వెళ్లని ఆటకు ఎవరు రాసినా అలాగే ఉంటుంది.


కంచె వెనక కెమెరా (టెక్సాస్), ఏప్రిల్ 20

ఈ చర్చ ఇంత ఆలస్యంగా చూశానే అని బాధపడుతున్నాను. నేను డల్లాస్ ఉత్తర శివారుల్లో ఒక స్థానిక వెబ్ పత్రికకు ఫొటోలు తీస్తాను. స్కోరు పుస్తకం గారికి పేర్ల బాధ అయితే నాకు ముఖాల బాధ. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటరు హెల్మెట్‌కు ముఖం ముందు కమ్మీలు ఉండి తీరాలి. పిచర్, మూడో బేస్ దగ్గరి అమ్మాయి కూడా ఇప్పుడు ఎక్కువగా ముసుగు తొడుక్కునే ఆడుతున్నారు. ముఖం కనిపించదు కాబట్టి నంబరు చూసి పేరు రాయాలి. పెద్ద నంబరు వీపు మీద ఉంటుంది. మంచి ఫొటో ముందు నుంచి వస్తుంది. అందుకని ప్రతి ఆటగత్తెనూ డగౌట్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒకసారి వెనక నుంచి తీసి పెట్టుకుంటాను. ఆ పనికిమాలిన ఫొటోలే రాత్రి నన్ను కాపాడతాయి. మీ 12వ నంబరు విషయంలో మాత్రం ఆ ఉపాయం కూడా బోల్తా పడేది.

ఇనుప కంచె ఇంకో శత్రువు. లెన్సును కంచెకు పూర్తిగా ఆనించి, ఎపర్చరు (లెన్సు నోరు) బాగా తెరిస్తే తీగలు మసకబారి మాయమవుతాయి. కానీ అలా ఆనించిన చోటే ఫౌల్ బంతి వచ్చి తగులుతుంది. బేస్‌బాల్ మైదానంలో నాకు డగౌట్ పక్కన నిలబడటానికి గీత గీసిన చోటు ఉంటుంది. సాఫ్ట్‌బాల్ మైదానంలో చెత్తడబ్బా పక్కన.

పోస్ట్ సీజన్ (మామూలు ఆటల కాలం ముగిశాక జరిగే ప్లేఆఫ్ పోటీల) గురించి కూడా చెప్పాలి. నేను ఈ పని మొదలుపెట్టిన ఏళ్లలో, ప్లేఆఫ్ ఒక్క ఆటగా ఆడాలా, మూడింటిలో రెండు గెలిచే పద్ధతిలో ఆడాలా అన్నది ఇద్దరు కోచ్‌లు మాట్లాడుకుని తేల్చుకునేవారు. కుదరకపోతే నాణెం ఎగరేసేవారు. రెండు ఊళ్లకూ మధ్య ఎక్కడో ఒక మైదానం చూసుకునేవారు. అంటే బుధవారం రాత్రి దాకా గురువారం నేను ఏ ఊళ్లో ఉంటానో నాకు తెలిసేది కాదు, ఇంట్లో మా ఆవిడకు అసలే తెలిసేది కాదు. టెక్సాస్‌లో మధ్య ఊరు అంటే రెండు గంటల ప్రయాణం.


రెండో బేస్ (కాలిఫోర్నియా), ఏప్రిల్ 21

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇప్పుడు కాలేజీ మూడో సంవత్సరంలో ఉన్నాను. హైస్కూల్లో నాలుగేళ్లు సాఫ్ట్‌బాల్ ఆడాను. తెలుగు రాయడం మనబడి తెలుగు తరగతుల్లోనూ, తరువాత మా నానమ్మ దగ్గరా నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. మీరు రాసే వార్తల్లో అవతలి వైపు ఉన్న మనిషిగా రెండు మాటలు చెప్పాలనిపించింది.

నా పేరు మూడు ముక్కలు, ఇంటిపేరు నాలుగో ముక్క. స్కూలు రికార్డులో ఒక వరుసలో, కోచ్ జాబితాలో మరో వరుసలో ఉండేది. దాంతో ఒక గణాంకాల సైటులో నేను ముగ్గురు మనుషులుగా ఉన్నాను: ఒకామె 11 హిట్లు కొట్టింది, ఒకామె 19, ఇంకొకామె ఒకే ఒక్క ఆటలో దిగి స్ట్రయికవుట్ అయింది. కాలేజీ కోచ్‌లకు పంపడానికి ఆ ముగ్గురినీ కలపమని మా నాన్నగారు ఎన్ని ఈమెయిళ్లు రాసినా కలపలేదు. ఊరి పత్రికలో నా పేరు నాలుగేళ్లలో ఆరేడుసార్లు వచ్చి ఉంటుంది, దాదాపు ప్రతిసారీ ఒక అక్షరం అటూ ఇటూ. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేకుండా అచ్చయిన రోజు ఒకటుంది. ఏడో ఇన్నింగ్స్‌లో నేను బంతి వదిలేసి, ఆ రన్‌తో మేము ఓడిపోయిన రోజు.

ఆ విలేకరి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఆయన రాసింది నిజమే. కానీ అప్పుడు నాకు పదిహేనేళ్లు, మరుసటి రోజు లెక్కల క్లాసులో ఎవరో ఆ వాక్యం పైకి చదివారు. స్కోరు పుస్తకం గారూ, మీరు ఎర్రర్ చేసిన పిల్లల పేర్లు రాస్తారా?


స్కోరు పుస్తకం (ఒహాయో), ఏప్రిల్ 21

రాయనమ్మా. పట్టికలో ఎర్రర్ల సంఖ్య ఉంటుంది. వార్తలో మాత్రం ఎర్రర్ వల్ల రన్ వచ్చింది అని రాసి ఊరుకుంటాను. జీతం తీసుకునే ఆటగాడికీ, రేపు కెమిస్ట్రీ పరీక్ష ఉన్న పిల్లకూ తేడా ఉందని మా సంపాదకురాలి పట్టుదల. కానీ దీనిలో ఒక చిక్కుంది. రాష్ట్ర ఫైనల్ లాంటి చోట, ఆట మొత్తం ఆ ఒక్క బంతి మీదే తేలినప్పుడు, వందలమంది కళ్లారా చూసినదాన్ని పేరు లేకుండా రాస్తే పాఠకుడు నన్నే అనుమానిస్తాడు. ఒకసారి మా జట్టు సెమీఫైనల్‌కు ఆక్రన్‌లోని ఫైర్‌స్టోన్ స్టేడియానికి వెళ్లాను. ఆ రాత్రి ఇలాంటి వాక్యం ఒకటి నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. చివరికి బంతి నేల మీద వంకరగా ఎగిరి ఆమె చేతికి అందలేదు అని పేరుతో సహా రాశాను. వంకరగా ఎగిరిన మాట నిజమే. ఎంత వంకర అన్నది నా దయ.

పేర్ల విషయంలో మాత్రం మనవాళ్ల పిల్లలు జాబితాలో కనిపిస్తే నేను డగౌట్ దాకా వెళ్లి అడుగుతాను. అడిగితే చాలామంది, ఏదైనా ఫరవాలేదండీ, అంటారు. అక్కడ గట్టిగా చెప్పడం మీరు నేర్చుకోవాలి.


ఎర్రమట్టి (అనంతపురం), ఏప్రిల్ 22

అమెరికా ఆట కదా, మనకేం పని అనుకుంటూ చదివాను గానీ, రెండో బేస్ అమ్మాయి రాసినది చూశాక ఊరుకోలేకపోయాను. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ మన స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి. అండర్-14, 17, 19 విభాగాల్లో జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీలు జరుగుతాయి. నేను ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేసిన రోజుల్లో వాటికి వార్తలు పంపాను.

మీకు పేరులో ఒక అక్షరం తప్పు పోయిందన్న బాధ. ఇక్కడ పేరే ఉండదు. మైదానానికి వెళ్లిన రోజు కూడా చివరికి నేను ఫైల్ చేసేది పీఈటీ సారు పంపిన ప్రెస్‌నోటునే. అందులో పోటీలు ప్రారంభించిన ముఖ్య అతిథి పేరు, హోదా, ఆయన పక్కన నిలబడిన నలుగురి పేర్లు, క్రీడలు మానసికోల్లాసాన్ని ఇస్తాయన్న మాట ఉంటాయి. ఫలానా జిల్లా జట్టు 9-2తో గెలిచింది అన్నది ఆఖరి వాక్యం. పేజీలో చోటు చాలకపోతే డెస్కు కత్తిరించేది ఆఖరి వాక్యాన్నే. ఒకసారి పట్టుదలగా కూర్చుని, ఎవరు ఎన్ని రన్లు చేశారో, పిచర్ ఎంతమందిని అవుట్ చేసిందో రాసి పంపాను. స్ట్రయికవుట్ అంటే ఏమిటో పాఠకుడికి తెలియదని ఉపసంపాదకుడు తీసేశాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఎప్పుడూ వేయకపోతే ఎప్పటికీ తెలియదు అన్నాను. జోన్ పేజీ నీ వల్ల ఆలస్యమవుతోంది, ఫోను పెట్టేయ్ అన్నాడు.

ఫొటోలో అతిథులు కుర్చీల్లో, పిల్లలు వెనక వరుసలో. బ్యాటు పట్టుకుని ఫొటో అంచున తల కాస్త కత్తిరింపులో పోయిన అమ్మాయి ఉంటే, ఆ రోజు ఆట గెలిపించింది ఆమే అని నేను మాత్రమే గుర్తుపట్టేవాణ్ణి.


లెక్క సూటి (సియాటిల్), ఏప్రిల్ 22

నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న సాయంత్రం మా అబ్బాయి ఆటలో యాప్ నమోదు చేసే ఆవిడ రాలేదు, నన్ను చేయమన్నారు. రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్ట్రయిక్ బంతిని క్యాచర్ వదిలేశాడు, బ్యాటరు పరుగెత్తి మొదటి బేస్ చేరాడు. స్ట్రయికవుట్ అయినవాడు బేస్ మీద ఎలా ఉన్నాడో ఆ తెరకు ఎలా చెప్పాలో తెలియక నేను వెతుకుతుండగా మరో రెండు బంతులు పడిపోయాయి. నాలుగో ఇన్నింగ్స్‌కల్లా యాప్ ప్రకారం మా జట్టులో పది మంది ఉన్నారు. స్కోరు మాత్రం సరిగ్గానే వచ్చింది, అది స్కోరుబోర్డు చూసి సరిచేశాను కాబట్టి.


స్కోరు పుస్తకం (ఒహాయో), ఏప్రిల్ 24, గురువారం

సవరణ ఈ రోజు అచ్చయింది. నాలుగో పేజీలో, మూడు వాక్యాలు. మొదటిసారి శీర్షికలో వచ్చిన తప్పుకు నాలుగో పేజీ మూలన సవరణ ఏమిటని ఆ తల్లి అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఆవిడ అడగలేదు. సీనియర్ అమ్మాయి మాత్రం నాకు స్వయంగా రాసింది. తను కొట్టని హిట్‌కు స్కూల్లో అందరూ అభినందిస్తుంటే రెండు రోజులు ఎవరికి చెప్పాలో తెలియలేదట. ముందుగా ఆ చెల్లికే చెప్పి క్షమాపణ అడిగిందట, తప్పు నాదే అయినా.

నిన్న అదే జట్టుకు సొంత మైదానంలో మరో ఆట ఉంటే అరగంట ముందే వెళ్లాను. పెవిలియన్ చివర గారి రెండో స్కోరరు మాట తలలో తిరుగుతూ ఉంది. డగౌట్ చివర అధికారిక పుస్తకం రాస్తున్నది తొమ్మిదో తరగతి పిల్ల. గత మంగళవారం పుట చూపించమని అడిగాను. నాలుగో ఇన్నింగ్స్ పక్కన మార్జిన్‌లో, చిన్న గుండ్రటి అక్షరాలతో, 27 ఇప్పుడు 12, రక్తం అని రాసి ఉంది. నాకు కావలసిన వార్త మొత్తం ఆ నాలుగు మాటల్లో, నేను కూర్చున్న చోటికి పదిహేను అడుగుల దూరంలో, వారం రోజులుగా ఉంది.

కోచ్‌ను అడిగి, నా మడత కుర్చీని డగౌట్ కంచెకు ఆనించి వేసుకున్నాను. ప్రతి ఇన్నింగ్స్ తరువాత ఇద్దరం పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకున్నాం. ఐదో ఇన్నింగ్స్ దాకా ఒక్క తేడా రాలేదు. ఐదోలో ఆ పదో తరగతి అమ్మాయే, ఈసారి తన 27వ నంబరు జెర్సీలో, మూడో బేస్ వైపు గట్టిగా కొట్టింది. ఫీల్డరు చేతికి తగిలి బంతి పక్కకు పోయింది. పిల్ల హిట్ అని రాసింది. నేను ఎర్రర్ అని రాశాను. ఇద్దరం ఒకరి పుస్తకం ఒకరం చూసుకున్నాం. వెనకనుంచి, ఏం రాశారండీ, అని ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే ఆ 27వ నంబరు అమ్మాయి వాళ్ల అమ్మమ్మ.